యాప చౌకట్టు

ఇంటి చౌకట్లకు తెల్ల రంగు వేయాలా, వద్దా? ఇదీ మా ముందున్న ప్రశ్న. చదివేవాళ్లకు నవ్వొస్తుంది. అయోధ్య గురించి రాయాల్సిన చోట, అరెస్టుల గురించి రాయాల్సిన చోట, ఆకలి గురించి రాయాల్సిన చోట ఈ చౌకట్ల గోల ఏమిటంటారు. మాకూ మొదట అలాగే అనిపించింది. రంగే కదా, డబ్బా తెచ్చి బ్రష్ ముంచితే అయిపోయే పని అనుకున్నాం. కాని పని సగంలో ఆపి రెండు నెలలు కూర్చున్నాం. ఎందుకు కూర్చోవాల్సి వచ్చిందో చెప్పుకోవడానికే ఇది.

నల్లగొండలో మా దాదా కట్టిన ఇల్లది. 1950ల చివర్లో కట్టాడు. నాలుగు గదులు, నాలుగు దర్వాజలు, ఆరు కిటికీలు. గోడలు ఏటేటా సున్నం తాగి ఉబ్బిపోయాయి గాని కట్టెపని మాత్రం చెక్కు చెదరలేదు. వీధి దర్వాజ చౌకట్టు జానెడు వెడల్పు. నల్లగా, నున్నగా, పొద్దున పూట ఎండ పడితే బెల్లప్పాకంలా మెరుస్తుండేది. "శీషమ్ కా హై" అని దాదా వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవాడు. ఆయన పోయాక అబ్బా చెప్పాడు. అబ్బా పోయాక మేం చెప్పాం. శీషం దర్వాజ ఉన్న ఇల్లు అంటే మా వీధిలో మా ఇల్లే.

అమ్మీ పోయాక ఇంటికి తాళం పడింది. అన్నదమ్ములం ఇద్దరం హైదరాబాద్‌లోనే ఉంటాం. రెండు గదులు మా రాకపోకలకు ఉంచుకొని, రెండు గదులు కిరాయికి ఇద్దామనుకున్నాం. ఇళ్లు చూపించే బ్రోకర్ వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. మంచివాడే. మా మేలు కోరే చెప్పాడు. "భాయ్, ఈ నల్ల చౌకట్లు, పైన ఆ 786, పక్కన నేమ్ ప్లేట్... అంతా పాతకాలం. మొత్తం తెల్లగ కొట్టిచ్చెయ్యండ్రి. ఎవరిల్లో తెల్వకుంటనే ఉండాలె. అప్పుడు ఎవరన్న వస్తరు."

ఎవరి ఇల్లో తెలియకుండా ఉండాలి. ఈ మాట మాకు కొత్త కాదు. హైదరాబాద్‌లో ఇల్లు వెతుక్కున్న రోజుల్లో గేటు దగ్గర అంతా బాగానే మాట్లాడి, చివర్లో పేరు అడిగి, పేరు విన్నాక "నిన్ననే ఇచ్చేశామండీ" అన్న ఇళ్లు మాకు బాగా గుర్తు. కిరాయికి వెళ్లేవాడు పేరు దాచుకోవాలి, సరే. కిరాయికి ఇచ్చేవాడు కూడా దాచుకోవాలా? తన గుమ్మంలో తాను నిలబడి కూడానా?

అయినా మేం ఒప్పుకున్నాం. నిజం చెప్పాలంటే తేలిగ్గా ఒప్పుకున్నాం. మా బిడ్డ కూడా తెల్ల రంగే అన్నది. దాని కారణం వేరు. "గదులు చీకటిగా ఉన్నాయి అబ్బా, తెల్లగా ఉంటే వెలుతురొస్తుంది" అన్నది. ఇద్దరి మాటా ఒకటే అయింది గనక పెయింటర్‌ని పిలిచాం.

పెయింటర్ చౌకట్టు మీద గోరుతో గీరాడు. అరచేత్తో నిమిరాడు. "దీని మీద తెలుపు ఊకనే ఎయ్యరాదు సాబ్" అన్నాడు. అప్పుడు అతను చెప్పిన సంగతులు తర్వాత రెండు నెలలూ మమ్మల్ని వెంటాడాయి.

కట్టెకు రంగు రెండు రకాలుగా వస్తుంది. ఒకటి లోపలికి ఇంకేది. రెండోది పైన నిలిచేది. ఇంకే రంగు కట్టె పోగుల్లోకి దిగిపోతుంది. దాని మీంచి చూసినా కట్టె గీతలు కనిపిస్తూనే ఉంటాయి. ఎనామిల్ అలా కాదు. అది కట్టె మీద తొడిగిన తోలు. కింద ఏముందో కనిపించనివ్వదు. పాత పాలిష్ నున్నగా ఉంటుంది కాబట్టి దానిమీద కొత్త రంగు పట్టదు. ఏడాది తిరగకముందే పెళుసులుగా లేచిపోతుంది. అందుకని ముందు గరుకు కాగితంతో రుద్దాలి. మొదట ఎనభై నంబరు, తర్వాత నూటఇరవై, చివరికి రెండువందల ఇరవై. దుమ్మంతా తుడిచి, గులాబీ రంగు ప్రైమర్ ఒక చేయి వేసి, ఆరాక మళ్లీ రుద్ది, అప్పుడు ఎనామిల్ రెండు చేతులు.

"అట్ల జేసినా ఒక్కోసారి మరక పైకొస్తది" అన్నాడు. కట్టెలోని వగరు, పాత రంగులోని ఎరుపు తెల్ల రంగును తోసుకుంటూ పైకి వస్తాయట. ముఖ్యంగా నీళ్లతో కలిపే రంగులకు. వానాకాలం తిరిగేసరికి తెల్లటి చౌకట్టు మీద పసుప్పచ్చ మచ్చలు తేలతాయి. మళ్లీ తెలుపు వేస్తే మళ్లీ తేలతాయి. దానికి మందు ఒకటే. లక్కను స్పిరిట్‌లో కరిగించి ముందుగా ఒక పూత పూయాలి. లక్క మరకను లోపలే కట్టేస్తుంది. లాడ్ బజార్లో గాజులు చేసే లక్కే. 2024లో ఆ గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని మేం వార్త రాసుకున్నాం. చార్మినార్ నీడన ఆడపిల్లల చేతుల మీద మెరిసే లక్కకు మరకల నోరు మూసే పని కూడా ఉందని మాకు అప్పుడే తెలిసింది.

మరక పైకి రావడమంటే ఏమిటో మాకు వేరే చెప్పనక్కర్లేదు. మేం తెలుగు పత్రికల్లో పనిచేసేవాళ్లం. మా తెలుగు వింటే ఎవరూ మమ్మల్ని పోల్చుకోరు. పోల్చుకోనివ్వలేదనే గర్వం కూడా కొంతకాలం ఉండేది. "మీరు ముస్లిమంటే నమ్మలేం, తెలుగు ఎంత బాగా మాట్లాడతారో" అంటే అది పొగడ్తే అనుకొని నవ్వేవాళ్లం. కాలి వేలికి రాయి తగిలితే మాత్రం నోట్లోంచి "యా అల్లా" అనే వస్తుంది. ఎన్ని చేతుల తెలుపు వేసినా సరే.

రుద్దడం మొదలైంది. కిటికీల దగ్గర పెయింటర్ కాగితం తడిపాడు. ఎప్పుడో మా చిన్నప్పుడు వేసిన ఆకుపచ్చ ఎనామిల్ అది. పాత ఎనామిళ్లలో సీసం ఉండేదట. ఇంటి రంగుల్లో సీసం పది లక్షలకు 90 పాళ్లు మించగూడదని కేంద్రం 2016లో నిబంధన తెచ్చింది, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకుముందటి రంగును పొడిగా రుద్దితే ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి పోతుంది. "పాతది గీకొద్దని గాదు సాబ్. తడిపి గీకాలె, మెల్లగ గీకాలె. పిల్లల్ని దూరం పెట్టాలె" అన్నాడు. చరిత్రను పొడిగా గీకి ఆ దుమ్ము దేశం మీదికి ఎగజిమ్మేవాళ్లకు ఈ పెయింటర్‌కున్న బుద్ధి ఉంటే ఎంత బాగుండేదో.

వీధి దర్వాజ దగ్గర అసలు సంగతి బయటపడింది. నల్ల పాలిష్ పోయి, దాని కింద కావి రంగు పోయి, కట్టె బయటికి వచ్చింది. ఎరుపు కలిసిన మట్టి రంగు. అల్లుకుపోయిన గీతలు. పెయింటర్ పొట్టు కొంచెం నాలిక మీద వేసుకొని ఉమ్మేశాడు.

"శీషం గాదు సాబ్ ఇది. యాప."

అరవై ఏళ్లకు పైగా మూడు తరాలు చెప్పుకున్న శీషం వేపచెట్టయి కూర్చుంది. దాదా స్పిరిట్‌లో లక్క, కావి, ఏవో రంగులు కలిపించి వేపను శీషం చేశాడు. అలా చేయడం వడ్లవాళ్లకు కొత్త కాదు. పేదవాడి కట్టెకు పెద్దింటి కట్టె వేషం వేయడం ఎప్పటినుంచో ఉన్న పనే.

మొదట సిగ్గేసింది. తర్వాత కోపమొచ్చింది. ఆ తర్వాత మెల్లగా ఒక్కొక్కటి గుర్తొచ్చింది. దాదా తాతలు దూది ఏకినవాళ్లు. పింజారీలు. మా దాదీకి పెళ్లయ్యేనాటికి ఉర్దూ రానే రాదు. తెలుగే మాట్లాడేది. దాదా ఆమెను తిట్టి, బెదిరించి ఉర్దూ నేర్పాడు. షరీఫుల ఇంట్లో ఉర్దూ మాట్లాడాలి. పేరుకు ముందు షేక్ అని పెట్టుకున్నాడు. మా పూర్వికులు అరబ్ నుంచి వచ్చారని చెప్పేవాడు. ఏ ఊరి నుంచి అంటే మాత్రం చెప్పేవాడు కాదు. కట్టెకు వేసిన రంగే మనుషులకూ వేశాడు. వేపను శీషం చేసినట్టే పింజారీని షేక్ చేశాడు.

ఇస్లాంలో కులం లేదంటాం. నమాజులో భుజం భుజం కలిపి నిలబడతాం. సంబంధాలు చూసేటప్పుడు మాత్రం సయ్యద్ ఎవరు, పఠాన్ ఎవరు, పింజారీ ఎవరు అని వేళ్లు లెక్కపెడతాం. 2007లో ముస్లింలలో వెనకబడిన 14 సమూహాలకు బీసీ-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. ఆ జాబితాలో షేక్ కూడా ఉంది. దాదా బతికుంటే ఏమనేవాడో. గొప్పకోసం తొడుక్కున్న పేరు చివరికి వెనకబడినవాళ్ల జాబితాలో తేలింది. దూదేకులవాళ్లు అంతకుముందునుంచే బీసీ-బిలో ఉన్నారు. కట్టె ఎంత దాచినా కాగితాల్లో గీతలు బయటపడ్డాయి.

కాని దాదాను తప్పు పట్టడానికి నోరు రాలేదు. ఆ ఇల్లు కట్టిన కాలం తలచుకోవాలి. రజాకార్ల దుర్మార్గం గురించి నల్లగొండ జిల్లాలో ప్రతి ఊరూ చెబుతుంది. చెప్పాలి కూడా. రజాకారు ముఖం కూడా ఎరగని దూదేకుల కుటుంబాలు 1948 సెప్టెంబరు తర్వాత ఎలా బతికాయో చెప్పేవాళ్లే తక్కువ. పోలీసు చర్య తర్వాత జరిగిన దారుణాలను విచారించడానికి కేంద్రం పండిట్ సుందర్‌లాల్ బృందాన్ని పంపింది. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని ఆ బృందం అంచనా వేసింది. ఎక్కువ చావులు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ వైపు. భయం మాత్రం రాజ్యమంతటా. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు ప్రచురించలేదు. దేశం కూడా తన చౌకట్లకు రంగు వేసుకుంది.

అలాంటి రోజులు చూసినవాడు, అంతా అయిపోయాక పదేళ్లకు ఇల్లు కట్టుకుంటూ, గుమ్మం కొంచెం గట్టిగా, కొంచెం గొప్పగా కనబడాలని కోరుకున్నాడు. దాదా అబద్ధం వెనక గొప్పలకు పోవడం ఎంతో, భయం ఎంతో మాకు తెలియదు. రెండూ ఒకే స్పిరిట్‌లో కరిగాయి. ఇప్పుడు విడదీయలేం.

ఇక్కడితో ఆగిపోతే ఇది దాదా కథ అయ్యేది. మూడో రోజు పెయింటర్ నిచ్చెన ఎక్కి చౌకట్టు పై పట్టెను రుద్దాడు. రుద్దుతూ పిలిచాడు. "ఈడ వరసగ చిల్లులున్నయి సాబ్. ఎవరో లక్క పెట్టి పూడ్చిన్రు."

మేం తల పైకెత్తలేదు. ఎన్ని చిల్లులో మాకు తెలుసు. ఏడు. పూడ్చింది మేమే.

అవి మామిడాకుల మేకులు. పక్కింట్లో వడ్ల తాత ఉండేవాడు. మా చౌకట్లు చేసింది ఆయనే. వాళ్ల పెరట్లో మామిడిచెట్టు. ఉగాదికి తన గుమ్మానికి తోరణం కట్టుకొని రెండో తోరణం మా గుమ్మానికి తెచ్చి కట్టేవాడు. రంజాన్‌కూ కట్టేవాడు. మా ఇంట్లో పెళ్లయితే పిలవకముందే ఆకులతో వచ్చేవాడు. ఆ ఏడు మేకులూ ఆయన కొట్టినవే. దాదీ ఆయనకు షీర్ ఖుర్మా గిన్నె ఇచ్చేది. గిన్నె ఖాళీగా తిరిగొచ్చేది కాదు. బెల్లమో, చింతకాయో, ఏదో ఒకటి దాంట్లో ఉండేది.

1992 డిసెంబరు నాటికి మేం పిల్లలం. మా వీధిలోంచి ఊరేగింపులు పోతుంటే తలుపు వేసుకొని కూర్చున్నాం. ఆ తలుపు వెనక కూర్చునే పెద్దవాళ్లమయ్యాం. డిగ్రీ కొచ్చేసరికి మనమెవరం అనే ప్రశ్న మొదలైంది. దానికి జవాబులు చెప్పేవాళ్లు కూడా వచ్చారు. మీలో చాలా కల్తీ ఉంది, శుభ్రం చేసుకోండి అన్నారు. పీర్ల పండుగ తప్పన్నారు. దర్గా దారం తప్పన్నారు. ఒకాయన మా గుమ్మం చూసి "ఈ ఆకులేంటి మియా, ఇది ముసల్మాన్ల ఇల్లేనా?" అని నవ్వాడు. ఆ నవ్వు మాకు గుచ్చుకుంది. 1999 రంజాన్‌కు ముందు ఒక మధ్యాహ్నం, దాదీ పడుకున్నప్పుడు, ఏడు మేకులూ పీకేశాం. చిల్లుల్లో కరిగిన లక్క పోసి, పైన పాలిష్ రాశాం. కనబడకుండా. దాని పైన 786 అంటించాం.

ఉగాదికి వడ్ల తాత ఆకులు తెచ్చాడు. నిచ్చెన వేసుకోబోయి ఆగాడు. "మేకులేవి బిడ్డా?"

"చెదలు పట్టింది తాతా, తీసేశాం" అన్నాం.

ఆయన చౌకట్టు వంక చూశాడు. మా వంక చూశాడు. "అట్లనా, మంచిది బిడ్డా" అన్నాడు. తోరణం దాదీ చేతికిచ్చి వెళ్లిపోయాడు. దాదీ దాన్ని ఎక్కడ కట్టాలో తెలియక నీళ్ల కుండ మీద పెట్టింది. వచ్చే ఏడు ఆయన ఆకులు తేలేదు. తర్వాత రెండేళ్లకు పోయాడు.

నమ్మాడనుకున్నాం. ఇరవై ఏళ్లకు పైగా నమ్మాడనే అనుకున్నాం. పెయింటర్ యాప అన్న రోజున నిజం తెలిసింది. చేదు కట్టె, యాపకు చెదలు పట్టవు అనేది వడ్లవాళ్ల నోట ఎప్పుడూ ఉండే మాట. తన చేత్తో యాపను చిత్రిక పట్టి, ఆ యాపకే శీషం రంగు వేసినవాడికి "చెదలు పట్టింది" అని చెప్పాం. ఆయన ఒక్కమాట అంటే మా అబద్ధం బయటపడేది. "యాపకు చెదలేందిరా" అంటే చాలు. కాని ఆ మాట అంటే దాదా అబద్ధం కూడా వీధిలో పడేది. ఆయన రెండింటినీ కప్పాడు. తాత గొప్పనూ కప్పాడు, మనవల సిగ్గునూ కప్పాడు. కప్పి, తన ఆకులు పట్టుకొని తన గుమ్మంలోకి వెళ్లిపోయాడు.

పని ఆపమన్నది ఆ రోజే.

కప్పడం గురించి మా మతం ఏమంటుంది? మాకు తెలిసినంతలో చెప్పుకుందాం. అల్లాహ్‌ను పిలుచుకునే పేర్లలో సత్తార్ ఒకటి. తప్పుల్ని కప్పేవాడు అని. అబ్దుల్ సత్తార్ లేని ముస్లిం వీధి ఉండదు. సాటి మనిషి సిగ్గును కప్పడం పుణ్యమని చిన్నప్పుడే నేర్పుతారు. అయితే కుఫ్ర్ అనే మాటకు కూడా ధాత్వర్థం కప్పడమే. తెలిసిన సత్యాన్ని కప్పేసేవాడు కాఫిర్. తిట్టుగా మిగిలిపోయిన ఆ మాటకు మొదట ఉన్న అర్థం ఇది. మన ఉర్దూలో కుఫ్రానే నేమత్ అంటాం. పొందిన మేలును లేదనడం, ఉప్పు తిని మరచిపోవడం. ఇంకోటి కూడా ఉంది. పాత అరబీలో విత్తనాన్ని మట్టితో కప్పే రైతుకూ ఇదే మాట. ఖురాన్ 57వ సూరాలో వాన తర్వాత పైరు చూసి మురిసేవాళ్ల ప్రస్తావనలో ఈ మాట వస్తే, చాలామంది వ్యాఖ్యాతలు అక్కడ రైతులనే అర్థం చెప్పారు.

అంటే కప్పడం మూడు రకాలు. ఇతరుల సిగ్గును దయతో కప్పడం. తెలిసిన సత్యాన్ని కప్పడం. మొలకెత్తాలని విత్తనాన్ని కప్పడం. దాదా కప్పింది కొంతవరకు విత్తనాన్ని. పిల్లలు తలెత్తుకొని బతకాలని. వడ్ల తాత కప్పింది మా సిగ్గును. మేం కప్పిందేమిటి? ఒక మనిషి మా గుమ్మానికి నలభై ఏళ్లు కట్టిన ఆకుల్ని. కుఫ్ర్ అంటుకుంటుందని భయపడి మేకులు పీకినవాళ్లం, ఆ లక్క పోసిన చేత్తోనే కుఫ్రానే నేమత్ చేశాం. సత్తార్ పని చేసినవాడేమో మామిడాకులు పట్టుకొని నిలబడినవాడు.

ఆకులు కట్టకపోవడం మా తప్పు అనడం లేదు. ఎవరి నమ్మకం వాళ్లది. "తాతా, ఇకనుంచి వద్దు, మా మనసు ఇట్ల మారింది" అని ముఖం చూసి చెప్పి ఉంటే ఆయన ఒప్పుకొనేవాడు. షీర్ ఖుర్మా గిన్నె తిరుగుతూనే ఉండేది. మేం చెప్పలేదు. పూడ్చి, పాలిష్ కొట్టి, చెదల మీద తోశాం. మా తప్పు అక్కడుంది.

ఈ కథ చెబితే కొందరికి సంతోషం కలుగుతుందని మాకు తెలుసు. "చూశారా, మీరూ యాపే. మీరు అసలు మావాళ్లే. పైరంగు గీకేసి ఇంటికి రండి" అంటారు. వాళ్లకూ జవాబు ఆ చౌకట్టు దగ్గరే దొరికింది. యాప పూర్తిగా బయటపడాలని పెయింటర్‌ని ఇంకా రుద్దమన్నాం. కొంతసేపు రుద్ది ఆపేశాడు. "ఇగ వద్దు సాబ్. ఎరుపు లోపలికి వోయింది. ఇంక గీకితే కట్టె పోతది గాని రంగు పోదు."

ఖురాన్ రెండో సూరా 138వ ఆయత్‌లో సిబ్గతుల్లాహ్ అనే మాట ఉంది. సిబ్గ అంటే బట్టను ముంచి తీసే అద్దకం. పోగు పోగులోకి దిగే రంగు. మా ముత్తాతలు ఎందుకు ముస్లింలయ్యారో, ఏ బాధలోంచి, ఏ ప్రేమలోంచి అయ్యారో రాసిపెట్టినవాళ్లు లేరు. ఎలా వచ్చినా ఆ రంగు ఇప్పుడు మా పోగుల్లో ఉంది. యాప మేమే, ఎరుపు మేమే. కట్టెను వదిలి రంగు చూపమనేవాళ్లకూ, రంగును వదిలి కట్టె చూపమనేవాళ్లకూ చెప్పేది ఒకటే. మీరు అడిగేది మమ్మల్ని కాదు, మా పొట్టును.

ఇక తెల్ల రంగు సంగతి. ఇంత ఆలోచన అవసరమా అని మా మిత్రుడొకరు అడిగాడు. ఆయన ఇంట్లో కిందటేడు టేకు తలుపులకే తెలుపు వేయించాడు. "బాగుందనిపించింది, వేయించాం, అంతే" అన్నాడు. అంతే అనగలగడం ఎంత అదృష్టమో ఆయనకు తెలియదు. ఆయన గుమ్మానికి తెలుపు ఒక రంగు. మా గుమ్మానికి తెలుపు ఒక జవాబు. ఆకుపచ్చ వేస్తే ఒక జవాబు, వేయకపోతే ఇంకో జవాబు. ఎవరూ అడక్కపోయినా అడిగినట్టే ఉండే ప్రశ్నకు బతుకంతా జవాబులు చెప్పడమే మైనారిటీ కావడం.

ఒకే డబ్బా, ఒకే బ్రష్, ఒకే తెలుపు. మా బిడ్డ వెలుతురు కోసం అడిగింది. బ్రోకర్ దాక్కోవడం కోసం అడిగాడు. నమాజుకు నిలబడే ముందు నియ్యత్ చేసుకుంటాం. పని ఒకటే అయినా మనసులో అనుకున్నదాన్ని బట్టి అది నమాజు అవుతుంది, లేదా లేచి కూర్చోవడం అవుతుంది. రంగుకూ నియ్యత్ ఉంటుంది. మనకు నచ్చి వేసుకుంటే ఇల్లు మనదవుతుంది. ఎవరో చూస్తారని వేసుకుంటే ఇల్లు వాళ్లదవుతుంది, మనం మన ఇంట్లోనే కిరాయిదార్లమవుతాం. భయపడి దాక్కునేవాళ్లను నిందించడం లేదు. అల్లర్లప్పుడు నేమ్ ప్లేట్ తీసి లోపల పెట్టుకున్న ఇల్లు పిరికిది కాదు. ఆ రోజున అది విత్తనాన్ని కప్పడమే. కాని అల్లరి లేని రోజున కూడా, కేవలం కిరాయి కోసం, అలవాటుగా కప్పుకుంటూ పోతే విత్తనం మొలకెత్తేదెప్పుడు?

ఇంకోమాట కూడా ఒప్పుకోవాలి. అన్నీ గీకి, అన్నీ చూపించి కూర్చోవాలన్న బలవంతం కూడా అన్యాయమే. ఎవడైనా వచ్చి "నీ కట్టె చూపించు, నీ దేశభక్తి చూపించు" అంటే చూపించనక్కర్లేదు. ఏది కప్పుకోవాలో, ఏది విప్పాలో నిర్ణయించే చేయి మనది కావాలి. అంతే మేం అడిగేది.

రెండు నెలల తర్వాత పెయింటర్‌ని మళ్లీ పిలిచాం. లోపలి మూడు దర్వాజలకూ ఆరు కిటికీలకూ లక్క పూత వేయించి, ప్రైమర్ కొట్టించి, తెలుపు వేయించాం. బిడ్డ అన్నది నిజమే. గదుల్లో వెలుతురొచ్చింది. వీధి దర్వాజకు మాత్రం తెలుపు వేయలేదు. మళ్లీ శీషం రంగూ వేయలేదు. అవిసె నూనె గుడ్డతో రెండుసార్లు పట్టించాం. యాప గీతలు తేలాయి, వాటి లోపల పోని ఎరుపు. వేపకు శాస్త్రవేత్తలు పెట్టుకున్న పేరు అజాడిరక్టా ఇండికా అట. ఫార్సీలో ఆజాద్ దరఖ్త్ నుంచి వచ్చింది. స్వేచ్ఛ గల చెట్టు. ఇండికా అంటే ఈ నేలది. దాదాకు ఫార్సీ మాటలంటే ప్రాణం. తన గుమ్మంలోనే ఫార్సీ పేరున్న చెట్టు నిలబడి ఉందని తెలిస్తే దాన్ని అంత కష్టపడి శీషం చేసేవాడు కాదేమో.

నేమ్ ప్లేట్ ఉంది. 786 ఉంది. బ్రోకర్ మళ్లీ రాలేదు. కిరాయికి ఒక టీచర్ కుటుంబం వచ్చింది. వాళ్లెవరో మేం అడగలేదు, పేరు చెప్పాకే తెలిసింది.

చిల్లుల్లోని లక్క గట్టిపడి ఉంది. పెయింటర్ సన్నటి మొలతో తీసేశాడు. మళ్లీ పూడ్చమంటారా అని అడిగాడు. వద్దన్నాం. మేకులు కొట్టమంటారా అన్నాడు. దానికీ వద్దన్నాం. మేకులు కొట్టాల్సిన చేయి లేదు. పక్కింటి మామిడిచెట్టూ లేదు, అక్కడిప్పుడు మూడంతస్తుల ఇల్లు ఉంది. వడ్ల తాత మనవడు హైదరాబాద్‌లోనే ఉన్నాడని విన్నాం. నంబరు సంపాదించాం. ఏం చెప్పాలో తెలియక చాలా రోజులు చేయలేదు. చేసిన రోజున ఆ ఉగాది సంగతి చెప్పాం, చెదల సంగతి చెప్పాం. అతను కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా తాత మాకెప్పుడూ ఈ ముచ్చట చెప్పలేదు అన్నా" అన్నాడు.

చెప్పడు. మాకు తెలుసు.